నలభై దాటని కారు

రామచంద్రపురం పొలిమేరలో ఒక పెద్దాయన కారుకి ఎదురొచ్చి చెయ్యెత్తాడు.

"ఆపండి పాపం," అంది వెంకటదుర్గ.

పెద్దిరాజు ఆపాడు. కారు కొని వారం కాలేదు. ఎక్కించుకుని చూపించుకోవడానికి మనిషి దొరికితే చేదా? పాతదే అయినా ఇంగ్లండు నుంచి దిగిన సీమ కారు. రాజమండ్రి బ్రోకరు చిట్టియ్య కుదిర్చిన బేరం.

"ఎందాకండీ?"

"కాస్త ముందుకేనండి," అంటూ పెద్దాయన వెనక సీట్లో కూర్చున్నాడు.

పెళ్లయిన ఇన్నేళ్లకి వెంకటదుర్గ కడుపు పండింది. కారులో రాజమండ్రి ఆస్పత్రికి తీసుకెళ్తానంటే ఆవిడ ఒక్కటే షరతు పెట్టింది. స్పీడు నలభై దాటకూడదు. పెద్దిరాజు ఆవిడ తలమీద చెయ్యేసి ఒట్టు పెట్టాడు. ఒట్టంటే ఒట్టే. ముల్లుని నలభై మీద మేకు కొట్టినట్టు నిలబెట్టాడు.

బస్సు వెనకబడింది. లారీ వెనకబడింది.

"అందరూ నిద్రపోతూ తోలుతున్నారేంటి!" అన్నాడు పెద్దిరాజు.

"కాస్త నిదానించండి బాబుగారూ," అన్నాడు పెద్దాయన.

"నలభయ్యేనండి. చూసుకోండి."

"ఆ అంకెలు మైళ్లండి. కిలోమీటర్లు కావు."

పెద్దిరాజుకి నవ్వొచ్చింది.

"మైలైతే ఏంటండి, కిలోమీటరైతే ఏంటండి? నలభై ఎక్కడైనా నలభయ్యే కదా!"

"కాదండి. ఆ నలభై మన లెక్కలో అరవై పైమాటే. పాతిక దాటనివ్వకండి. అమ్మాయిగారు ఒట్టి మనిషి కూడా కాదు. అసలు నేను..."

భార్య ముందు ఆ మాట పెద్దిరాజుకి చురుక్కుమంది. కారు పక్కకి తీసి ఆపాడు.

"లిఫ్టు ఇచ్చినందుకు పాఠాలా? భయమైతే దిగిపోండి."

"ఏంటండీ ఆ మాటలు!" అంది వెంకటదుర్గ.

పెద్దాయన దిగాడు. కిటికీ దగ్గర వంగి, "పాతిక, బాబుగారూ," అన్నాడు మళ్లీ.

కొంచెం ముందుకెళ్లాక పెద్దిరాజు అద్దంలో చూశాడు. ఆయన రోడ్డు దాటి, వచ్చిన దారినే వెనక్కి వెళ్లే కాకినాడ బస్సుకి చెయ్యెత్తుతున్నాడు.

"చూశావా? ఎటు పోవాలో కూడా తెలీదు," అని నవ్వాడు.

ముల్లు మళ్లీ నలభై మీదికొచ్చింది.

ధవళేశ్వరం ఇంకాస్త ఉందనగా, మలుపు తిరగ్గానే సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసి ఉంది. పెద్దిరాజు బ్రేకు తొక్కాడు. గింజల మీద కారు జర్రున జారింది. కాలవ గట్టు అంచున, ఒక చక్రం గాల్లో ఉండగా ఆగింది.

వెంకటదుర్గ రెండు చేతులూ పొట్టమీద పెట్టుకుంది. కాసేపటికి మెల్లగా అంది.

"కదిలిందండి."

పెద్దిరాజుకి ఏడుపు తన్నుకొచ్చింది.

ధాన్యం తిరగేస్తున్నవాళ్లు పరిగెత్తుకొచ్చి కారుని రోడ్డు మీదికి లాగారు. పెద్దిరాజు పాతిక దాటకుండా ధవళేశ్వరం చేరాడు. భార్యకి సోడా ఇప్పించి, ఎస్టీడీ బూత్‌లోంచి చిట్టియ్యకి ఫోన్ చేశాడు.

"కారు మీటరు మైళ్లలో ఉందంట. నిజమేనా?"

"అవునండి. బేరం చెడుతుందేమోనని చెప్పలేదండి. అందుకు నిన్న చీవాట్లు కూడా తిన్నానండి."

"ఎవరి చేత?"

"పాత ఓనరు జగన్నాథరావు గారండి. మీరు ఇవాళ ఆవిడని ఆస్పత్రికి తీసుకెళ్తున్నారని నా దగ్గర విని, ఆ ఒక్క మాట చెప్పడానికే కాకినాడ నుంచి మొదటి బస్సుకొచ్చి మీ దారిలో నిలబడతానన్నారండి... మీకు కనబడలేదాండీ?"