పరుపుల దుకాణంలో తాళంచెవి

"ఇంక ఆయన్ని మానిపించెయ్ వదినా!" చేతిలోని పెన్ను బల్ల మీద పడేశాడు మరిది. "మూడు రోజులైంది, ఆ పరుపుల దుకాణం దాటలేదు. బాబాయ్ బుర్ర అరిగిపోయింది."

వదిన ఆ పెన్ను తీసి పక్కన పెట్టింది. పాతకాలపు కంప్యూటర్ ఆటలు తయారుచేయడం వాళ్ళ పని. తెర మీద బాణాన్ని కదుపుతూ, కనిపించినదల్లా నొక్కి చూస్తూ, చిక్కుముళ్ళు విప్పుకుంటూ పోయే ఆటలవి. చిక్కుముళ్ళు ఆమెవి, బొమ్మలు మరిదివి. ఆడి చూసి తప్పులు పట్టే ఉద్యోగం మాత్రం, అందరూ బాబాయ్ అని పిలిచే ఆ పెద్దమనిషిది. ఆట శనివారం బయటికి వెళ్ళాలి. బాబాయ్ చూస్తే గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, దుకాణంలోంచి ఇంకోసారి గెంటించుకుంటున్నాడు.

నిజానికి చిక్కుముడి చిన్నదే. దుకాణం అరలో వరసగా వంద దిండ్లు. ఒకదానిలో తాళంచెవి ఉంది. కత్తెరతో ఆ దిండు కోస్తే వెనక తలుపు తీసుకుని పోవచ్చు. తప్పు దిండు కోస్తే దుకాణదారు మెడపట్టి వీధిలోకి నెడతాడు. మళ్ళీ మొదటికి రావాలి.

"తాళంచెవి ఉన్న దిండుకి కుట్టు వంకరగా పెట్టాం కదా," అంది ఆమె మెల్లగా. "అంతకన్నా ఏం చెబుతాం?"

"అదే నేనూ అంటున్నది!"

ఆమె లేచి బాబాయ్ దగ్గరికి వెళ్ళింది. "ఏమైనా తట్టిందా బాబాయ్?"

"తట్టట్లేదమ్మా. ఇది న్యాయంగా లేదు."

"మీకు తట్టకపోతే న్యాయం లేనట్టేనా?" అనేసింది. అన్నాక మనసు చివుక్కుమంది. "అది కాదు బాబాయ్... రేపు ఒక కొత్తమ్మాయి వస్తోంది. ఈ నెల తర్వాత మీరు..."

బాబాయ్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఇంత వయసులో ఇంకో ఉద్యోగం ఎవరిస్తారో ముగ్గురికీ తెలుసు.

"రానీ అమ్మా. ఆ అమ్మాయి తలుపు తీస్తే నేనే వెళ్ళిపోతాను," అన్నాడు.

మర్నాడు కొత్తమ్మాయి వచ్చింది. చురుకైన పిల్ల. ముందున్న గదులన్నీ చకచకా దాటేసింది. పరుపుల దుకాణంలో మాత్రం భోజనాల వేళకి తొమ్మిదిసార్లు వీధిన పడింది. చివరికి చేతులెత్తేసింది. మరిది ఉండబట్టలేక వంకర కుట్టు చూపించాడు.

ఆ పిల్ల తెరకి ముక్కు ఆనించి చూసింది. "ఇదా? తెర మీద నలుసనుకున్నానండీ. ఇదెవరికి తడుతుంది?"

మరిది గతుక్కుమన్నాడు. వదిన తల గోడ వైపు తిరిగింది. అక్కడ ఆమె తన చేత్తోనే రాసి అతికించిన కాగితం ఉంది: 'జవాబు తెలిశాక, అయ్యో నాకు తట్టలేదే అనాలి. ఇదెవరికి తడుతుంది అనకూడదు.'

సిగ్గుతో ఆమె చెవులు వేడెక్కాయి. వెంటనే పనిలో కూర్చుంది. సాయంత్రానికల్లా ఆ గది మారిపోయింది. ఇప్పుడు ఏ దిండు నొక్కినా మెత్తగా లోపలికి పోతుంది. ఒక్కటి మాత్రం పోదు. "దూదిలో ఇంత గట్టిగా ఏముందబ్బా?" అంటాడు ఆటలోని కథానాయకుడు. కింద చెప్పుల కొట్టాయన్ని బతిమాలి పైకి తీసుకొచ్చి కూర్చోబెట్టారు. రెండుసార్లు గెంటించుకుని, మూడోసారి తలుపు తీసి, "అయ్యో, నొక్కి చూడాలని ముందే తట్టలేదే!" అని తొడ చరుచుకున్నాడు.

వదిన కళ్ళు చెమర్చాయి. "మీరే కరెక్టు బాబాయ్. నన్ను క్షమించండి. మీరెక్కడికీ వెళ్ళట్లేదు. ఏదీ, ఇప్పుడు మీ చేత్తో ఒకసారి తియ్యండి."

బాబాయ్ మురిసిపోతూ కుర్చీ లాక్కున్నాడు. కత్తెర అందుకున్నాడు. కసుక్కున ఒక దిండు కోశాడు, తాళంచెవి తీశాడు, తలుపు తెరిచాడు.

"అదేంటి బాబాయ్! ఒక్క దిండు కూడా నొక్కి చూడలేదేం?"

బాబాయ్ నాలుక్కరుచుకున్నాడు. "మొదటి రోజే తీశానమ్మా. తీశానని చెబితే నువ్విక ఆ దుకాణం మొహం చూడవు. అందుకే తీయనట్టు కూర్చున్నాను."

"ఉద్యోగం పోతుందని తెలిసి కూడానా?" అంది వదిన.

మరిదికి మాత్రం ఇంకో అనుమానం. "అయితే ఆ వంకర కుట్టు మీకొక్కరికే కనిపించిందన్నమాట!"

"కుట్టా? అదెక్కడుందో నాకిప్పటికీ కనిపించలేదు నాయనా," అన్నాడు బాబాయ్. "ఏడు ఆటల్నుంచీ మీ వదిన ఏది దాచినా, ఎడమ నుంచి మూడోదాంట్లోనే దాస్తోంది."