యిక్కె చెట్టుకి బొబ్బలు

"రంపం కింద పెట్టు! నా ఒంటి మీద చెయ్యేసే ధైర్యముంటే నా చెట్టు మీద వెయ్యి, చూద్దాం!"

పెరట్లోని ఎల్మ్ చెట్టుకి వీపు ఆనించి నిలబడింది యిక్కె. అరవై ఎనిమిదేళ్ళ మనిషి, కాళ్ళకి కర్ర బూట్లు, చేతిలో చీపురు. ఎదురుగా రంపం పట్టుకుని ఇద్దరు మనుషులు, వాళ్ళకి ముందు చెట్ల తనిఖీకి వచ్చిన ఫెడ్డె. మాను మీద అతను పెట్టిన నారింజ రంగు చుక్క ఇంకా తడారలేదు.

"నాకేమన్నా సరదానా పెద్దమ్మా? ఇది ఎండు తెగులు. ఇవాళ ఇది పోతుంది, రేపు కాలవ గట్టు మీది ఎల్మ్‌లన్నీ పోతాయి. మన ఫ్రీస్‌లాండ్ ప్రాంతంలో ఎన్ని చెట్లు చచ్చాయో నీకు తెలీదా?"

"తెలుసు. కొట్టేశాక ఏం చేస్తారు?"

"ముక్కలు చేసి తీసుకెళ్ళి కాల్చేస్తాం. పుల్ల కూడా మిగలకూడదు. అదీ రూలు."

"పుల్ల కూడానా!" అంది యిక్కె. చీపురు అవతల పారేసి, గిరుక్కున తిరిగి చెట్టుని కావలించుకుంది. మోకాళ్ళ మీద కూచుని మొదలు దగ్గర ఒకసారి, లేచి నడుం ఎత్తున ఒకసారి, మునివేళ్ళ మీద నిలబడి ఇంకా పైన మరోసారి. కంచె అవతల చేరిన వీధి జనం ముక్కులు చీదుకున్నారు. చీదరా మరి! ఆమె పుట్టిన రోజున వాళ్ళ నాన్న నాటిన చెట్టని ఊళ్ళో ఎవరికి తెలీదు?

కన్ను చెమర్చనిది పక్కింటి డౌవెకి ఒక్కడికే. ఫిర్యాదు చేసింది ఆ మహానుభావుడే.

"ఏడుపులకేం గానీ, ఆకులు చూడండి! ముడుచుకుపోయి, ఉబ్బిపోయి, ఛీ!"

"సంచిలో వేసి ఆఫీసుకి మోసింది నువ్వేగా? పోయినేడు పడవ పందెంలో గెలిచావు, చాల్లేదట్రా నీకు?"

"గాలికి నీ పడవ రెక్క విరిగితే నేనేం చెయ్యను? పడవ పక్కకి పోకుండా నీళ్ళలోకి దించే చెక్క పుచ్చిపోయిందైతే అడ్డంగా కొట్టుకుపోదా?"

"చెట్టు చస్తుంటే ఇప్పుడు పడవ గొడవేంటయ్యా, సిగ్గులేకపోతే సరి!" అని జనం కసిరారు.

యిక్కె ఒక ఆకు తెంపి ఫెడ్డె ముక్కు కింద పెట్టింది. "అబ్బాయ్, ఒక్క కొమ్మయినా కోసి చూశావా?"

"ఆఫీసులో ఆకులు చూశాను..." ఫెడ్డె నసిగాడు. "ఇది ఈ తెగులు మోసే బెరడు పురుగులు ఎగిరే కాలం, ఆలస్యం చెయ్యకూడదని..."

"నీ తొందర తగలెయ్య! ఎండు తెగులైతే కొమ్మకి కొమ్మే వాడిపోతుంది. ఇక్కడ వాడిన కొమ్మ ఏదీ, చూపించు! ఆకులకి బొబ్బలొచ్చాయంతే. ఇది బొబ్బ తెగులు. ఆకు మీద పడి తినే బూజు. ఆకుని వంకర చేస్తుంది, చెట్టుని చంపడం దాని తరం కాదు. పక్కవాళ్ళ మీద పడి ఏడ్చేవాళ్ళందరూ అంతే."

చివరి మాట కంచె దాటి ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది.

"కొమ్మ కొయ్యి," అంది యిక్కె. "లోపల గోధుమరంగు చారలుంటే చెట్టు నీది, తీసుకెళ్ళి తగలెట్టుకో. లేకపోతే చెట్టు నాది, నా ఇష్టం. సరేనా?"

"సరే."

ఫెడ్డె నిచ్చెనెక్కి కొమ్మ కోశాడు. కత్తితో బెరడు ఒలిచాడు. పాలలా తెల్లగా ఉంది. ఇంకోటి కోశాడు, అదీ తెలుపే. మూడోది కూడా ఒలిచేసరికి అతని చెవులు ఎర్రబడ్డాయి. కానీ మంచివాడు. కిందికి దిగి, గుడ్డ పెట్టి చుక్క తనే తుడిచేశాడు. 'చెట్టు ఆరోగ్యంగా ఉంది, నరకనక్కర్లేదు' అని కాగితం మీద రాసి సంతకం పెట్టి యిక్కె చేతికిచ్చాడు.

ఇంకేముంది, వీధంతా ఈలలు, చప్పట్లు! ఎవరో కాఫీ పట్టుకొచ్చారు, బేకరీ ఆవిడ చక్కెర రొట్టె కోసి పంచింది. రిటైరైన మాస్టారు యిక్కె భుజం తట్టి "పర్లేదు" అన్నాడు. మా ఊళ్ళో అంతకన్నా పెద్ద పొగడ్త లేదు. "ఇంకో నూరేళ్ళు బతుకుతుంది ఈ చెట్టు!" అని ఎవరో అరిచారు. యిక్కె మొహం వెలిగిపోతోంది. డౌవె మొహంలో మాత్రం నెత్తురు చుక్క లేదు. ఓడిపోయాడు కదా పాపం అనుకున్నారు అందరూ.

రంపం మనుషులు సామాన్లు సర్దుకుంటున్నారు. యిక్కె కాగితం మడిచి ఏప్రన్ జేబులో పెట్టుకుంది, కాఫీ ఆఖరి గుక్క తాగింది, మూతి తుడుచుకుంది.

"ఆగండాగండి, ఇంతదూరం వచ్చి ఊరికే పోతారా? రంపం బయటికి తియ్యండి," అంది డౌవె కళ్ళలోకి చూస్తూ. "మూడు చోట్ల కావలించుకుని మరీ కొలిచాను. మా నాన్న దీన్ని ఏ పడవ రెక్కల కోసం నాటాడో ఆ రెండూ ఈ మానులోనే వస్తాయి!"