వంట నాది, వ్యాయామం నీది

"ఇంకొక్కసారి లే, అక్కా."

"నా వల్ల కాదురా." చాప మీద వెల్లకిలా పడి అక్క ఆయాసపడుతోంది. "ఇంకొక్కటని ఇందాక కూడా అన్నావు. నీకు లెక్క రాదు."

"కుర్చీలో కూర్చున్నవాడికి లెక్కలు బాగానే వస్తాయి. లే."

అక్కకి నవ్వొచ్చింది. నవ్వితే పొట్ట పట్టేసింది. అయినా లేచింది.

అక్క స్కూలు యూనిఫారాలు కుట్టే దుకాణంలో టైలరు. పొద్దస్తమానం మిషను ముందు కూర్చునే ఒళ్లు. ఇద్దరు పిల్లలు పుట్టినప్పుడు నడుము చుట్టూ చేరిన కొవ్వు మళ్లీ ఇల్లు ఖాళీ చెయ్యలేదు. దాని గురించి ఆవిడ ఏనాడూ బెంగపెట్టుకోలేదు, తమ్ముడి కాలేయం పాడైందని తెలిసేదాకా.

"మీ కాలేయంలో ఒక ముక్క తీసి అతనికి పెట్టొచ్చు," అన్నాడు డాక్టరు. "కానీ మీ కాలేయం నిండా కొవ్వే. అది తగ్గితేనే ఆపరేషను. తొందరగా తగ్గాలి. అతను ఎక్కువ కాలం ఆగలేడు."

బావ రక్తం గ్రూపు కలవలేదు. ఇచ్చేందుకు ఇంకెవరూ లేరు.

"ఆపరేషన్లో అక్కకేమైనా అవుతుందా?" తమ్ముడు అడిగాడు.

"కోత అన్నాక ఎంతో కొంత ప్రమాదం ఉంటుంది. లేదని చెప్పను."

ఇంటికి రాగానే తమ్ముడు అడ్డం తిరిగాడు. "వద్దక్కా. పిల్లల తల్లివి."

"నోర్ముయ్. అమ్మ పోయేనాటికి నీకు పాలపళ్లు కూడా ఊడలేదు. నిన్ను పెంచింది మధ్యలో వదిలెయ్యడానికా?"

కొన్నాళ్లు ఇద్దరికీ మాటల్లేవు. మొండితనం ఆ ఇంటి ఆస్తి, ఇద్దరికీ సమానంగా వచ్చింది. చివరికి తమ్ముడే దిగొచ్చాడు.

"సరే నీ ఇష్టం. వంట నాది, వ్యాయామం నీది."

తమ్ముడు పెద్ద హోటల్లో వంటవాడు. జబ్బు చేశాక పని మానేశాడు గానీ గరిటె మానలేదు. నిలబడే ఓపిక లేక పొయ్యి పక్కన ఎత్తు పీట వేసుకుని కూర్చునేవాడు. అక్కని మాత్రం వంటింటి గడప తొక్కనిచ్చేవాడు కాదు.

"నువ్వొస్తే రుచి చూస్తానంటావు. నువ్వు రుచి చూస్తే గిన్నె ఖాళీ."

ముందు గదిలో అక్క గుంజీళ్లు తీసేది. గోడకి చేతులానించి దండీలు తీసేది. నీళ్లు నింపిన సీసాలు పట్టుకుని చేతులు పైకెత్తి దించేది. దుకాణానికి నడిచి వెళ్లేది, నడిచి వచ్చేది. ఉడికించిన కూరగాయలు, గుడ్డులో తెల్లసొన, రెండు పూటలా గిన్నెడు సూపు. అంతే తిండి. పిల్లలు మిగిల్చిన బిస్కెట్టు ముక్క కూడా నోట్లో వేసుకోలేదు. బావ పాపం మిఠాయి తినాలనిపిస్తే వీధి చివర నిలబడి తిని, మూతి తుడుచుకుని వచ్చేవాడు.

"నూనె చుక్క లేకుండా ఇంత రుచెలా తెచ్చావురా?" అక్క సూపు గిన్నె అడుగంటా గీకుతూ అడిగేది.

"ఇన్నేళ్లూ హోటల్లో గాడిదలు కాశాననుకున్నావా?"

బరువు మాత్రం తగ్గలేదు.

చేతులు గట్టిపడ్డాయి. మెట్లెక్కితే ఆయాసం లేదు. కానీ మెషీను మీద ముల్లు మొరాయించింది. మళ్లీ స్కాను తీస్తే కొవ్వు ఉన్నది ఉన్నట్టే ఉంది.

డాక్టరు విసుక్కున్నాడు. "నిజం చెప్పండి. చాటుగా ఏమైనా తింటున్నారా?"

"నా పిల్లల మీద ఒట్టు," అని అక్క అందరి ముందూ ఏడ్చేసింది. తమ్ముడు తలొంచుకుని చెప్పుల వంక చూస్తూ ఉండిపోయాడు.

ఇంటికొచ్చి అక్క పస్తు మొదలెట్టింది. తమ్ముడు సూపు గిన్నెతో ఎదురుగా కూర్చున్నాడు.

"పస్తులుంటే కాలేయం ఇంకా పాడవుతుందని డాక్టరు చెప్పాడా లేదా? తిను. నువ్వు తాగేదాకా నేను మందు వేసుకోను."

అక్క తాగింది. చాప పరిచి, ఏడుస్తూనే గుంజీళ్లు తీసింది.

ఆఖరి స్కాను చూసి డాక్టరు తల అడ్డంగా ఊపాడు. అప్పటికి తమ్ముడి కళ్లు పసుపుముద్దలయ్యాయి. మంచం మీద అక్క చెయ్యి పట్టుకుని, "నువ్వేం కుమిలిపోకే అక్కా. నువ్వెంత కష్టపడ్డావో నేను చూడలేదా?" అన్నాడు. అదే చివరి మాట.

పలకరించడానికి వచ్చినవాళ్లలో ఒకావిడ గుమ్మం దాటకుండానే అంది, "కొన్నాళ్లు నోరు కట్టుకోలేకపోయిందట! కట్టుకుంటే తమ్ముడు దక్కేవాడు."

అక్క విన్నది. కాదనలేదు. తనూ అదే అనుకుంటోంది. "నా ఒళ్లే నా తమ్ముణ్ణి మింగేసింది," అని బావ భుజం మీద పడి గుండెలు పగిలేలా ఏడ్చేది. అద్దంలో మొహం చూసుకోవడం మానేసింది. చాప చుట్టి అటక మీదికి విసిరేసింది. వ్యాయామం లేదు, పథ్యం లేదు. పిల్లలకి ఏది వండితే అదే రెండు ముద్దలు మింగేది.

బరువు తగ్గడం అప్పుడు మొదలైంది. కుట్టుకున్న జాకెట్లన్నీ వదులైపోయాయి. దిగులు తినేస్తోంది అన్నారు అందరూ. ఇప్పుడు తగ్గి ఎవరికి లాభమని అక్క తన ఒంటినే తిట్టుకుంది.

మంచం పట్టేదాకా మెల్లగా నడిచి వెళ్లి ఇంటికి పాలు తెచ్చింది తమ్ముడే, ఆ తర్వాత బావ. ఒకరోజు పొద్దున్న పాల కోసం అక్క బయల్దేరింది. వీధి మలుపులో పాల దుకాణం ముసలాయన ఆవిణ్ణి చూసి చలించిపోయాడు.

"ఇదేంటమ్మా, ఇలా చిక్కిపోయావు? చెప్తే అక్క తాగదు, చెప్పొద్దు తాతా అంటూ రోజూ నీ సూపులో కలపడానికి ఇంత వెన్న పట్టుకెళ్లేవాడు మీ తమ్ముడు."