కాకి ముట్టలేదు

పన్నెండున్నర దాటింది. మేడ మీద పిట్టగోడపై పెట్టిన ఆకులో పిండం ఎండిపోతోంది. ఎదురింటి డాబా మీద పదిహేను కాకులున్నాయి. అరుస్తున్నాయి. ఒక్కటీ ఇటు రావడం లేదు.

చలమయ్య పెద్దకర్మ ఆ రోజు. కాకి ముడితే గానీ వడ్డన మొదలవదు. మద్దిలపాలెం సందులో వేసిన షామియానా కింద డెబ్బైమంది బంధువులు ఆకలితో కూర్చున్నారు.

కాకులు బెదరకుండా కొడుకు మోహనకృష్ణ, కోడలు సుధారాణి, బావమరిది వీర్రాజు మెట్లగది గుమ్మంలోనే నిలబడి చూస్తున్నారు. చలమయ్య భార్య తాయారు పైమెట్టు మీద కూర్చుంది. ఆకు ఎక్కడ పెట్టాలో చెప్పింది ఆవిడే.

"ట్యాంకు పక్కన ఎట్టండి. మీ నాన్న రోజూ అక్కడే మెతుకులు ఏసీవోరు."

ఆ మెతుకులకు వచ్చే కాకులు కారు పాడుచేస్తున్నాయని మోహనకృష్ణ ఏడాదంతా తండ్రితో పోట్లాడాడు. కాకులే కాదు, కుక్క మీదా గొడవే. పోర్టు గేటు దగ్గర లారీ కింద పడి కాలు పోయిన కుక్కపిల్లను చలమయ్య టిఫిను సంచిలో ఇంటికి తెచ్చాడు. బుల్లోడని పేరు పెట్టి పదేళ్ళు పెంచాడు. ఆ బుల్లోణ్ణి రేపు తగరపువలస అవతల వదిలేసి రావడానికి కొడుకు ఆటో మాట్లాడాడు. వద్దని తాయారు పది రోజులుగా చెబుతోంది.

"నీకేటీ తెల్దు, నువ్వూరుకోయే," అన్నాడు పదిసార్లూ.

ఇప్పుడు కాకుల వైపు తిరిగి, "రండే తల్లీ," అని బతిమాలుతున్నాడు.

"ఏరా అల్లుడా, బావకి ఏదో కోరిక మిగిలిపోనాది. మాటియ్యి," అన్నాడు వీర్రాజు. "నాను సుగర్ మాత్ర ఏసుకుని గంటయింది."

మోహనకృష్ణ చేతులు జోడించాడు. "నాన్నా, నీ అస్థికలు కాశీ పట్టుకెళ్తాను."

కాకులు కదలలేదు.

"సింహాచలం అప్పన్నకి కోడెదూడనిత్తాను."

ఒక కాకి లేచింది. సగం దాకా వచ్చి, గాల్లోనే తిరిగి, అరుస్తూ వెనక్కి పోయింది.

"దూడ సాల్లేదురా," అన్నాడు వీర్రాజు.

"అమ్మా, నాన్నకేటి కావాలో నువ్వు సెప్పు."

"నాకేటి తెలుసు నాయనా," అంది తాయారు.

కింద బుల్లోడు అరిచాడు. వీర్రాజు మేనల్లుడి భుజం తట్టాడు.

"ఆ కుక్క సంగతి సెప్పి సూడు."

"కుక్కకీ కాకికీ ఏటి సంబంధం మావయ్యా?"

"నాకు కళ్ళు తిరుగుతన్నాయి. ముందు సెప్పు."

"సరే నాన్నా. బుల్లోణ్ణి నెల్రోజులు ఉంచుతాను."

కాకులు చూస్తూ కూర్చున్నాయి.

"సచ్చినోడి దగ్గర కూడా బేరాలేటిరా?" అన్నాడు వీర్రాజు.

మోహనకృష్ణ చెమట తుడుచుకున్నాడు. "అది పోయేదాకా ఇక్కడే ఉంటాది. కాకులకి మెతుకులు కూడా నానే ఏస్తాను. సాలా?"

"ఉత్తి మాటెందుకు? ఆటో అబ్బాయికి ఫోన్ సెయ్యండి," అంది సుధారాణి.

చేశాడు. "దొరబాబూ, రేపు రావద్దు. కుక్క ఎక్కడికీ పోదు, మాతోనే ఉంటాది."

తాయారు మోకాళ్ళ మీద చేతులాన్చి లేచింది.

"కాకులకి నీళ్ళు ఎట్టడం మరిసిపోనాం. పాపం, ఎండ."

గ్లాసు పట్టుకుని ట్యాంకు వెనగ్గా చుట్టి వెళ్ళింది. ఆకు పక్కన నీళ్ళు పెట్టింది. కొంగు నిండా కప్పుకుని కిందికి దిగిపోయింది.

మూడు నిమిషాలు గడిచాయి. ఒక కాకి వాలింది. అటూ ఇటూ చూసి పిండం పొడిచింది. దాని వెనకే పద్నాలుగూ వాలాయి.

మోహనకృష్ణ గుమ్మం పట్టుకుని ఏడ్చేశాడు.

"సూశావా? బావ ప్రాణం ఆ కుక్క మీదే ఉండిపోనాది," అంటూ వీర్రాజు కళ్ళొత్తుకుని, విస్తరి కోసం గబగబా మెట్లు దిగాడు.

కింద గదిలో తాయారు తలుపు గడియ పెట్టి, పొద్దున్నే తను ట్యాంకు వెనక తలకిందులుగా వేలాడదీసిన నల్లటి ప్లాస్టిక్ కాకిని, పోయినేడు కాకుల్ని బెదరగొట్టడానికి కొడుకే కొని తెచ్చినదాన్ని, కొంగు చాటు నుంచి తీసి అటక మీద దాచింది.