కింది తీగ

"నా వయొలిన్ ఏదమ్మా ఇందులో?"

టేపు ఆగగానే జోజి అడిగిన మొదటి మాట అది. రజనీకుమారి మూలనున్న మంచినీళ్ల కుండ దగ్గరికి నడిచింది. రికార్డరు ముందు కూర్చున్న హార్వే వైర్లు సర్దుతున్నట్టు తల దించుకున్నాడు.

భిలాయి నెహ్రూ నగర్‌లో రజని వాళ్ల ముందుగది కిటికీలకి దుప్పట్లు కట్టి ఉన్నాయి. చప్పుడు టేపులో పడుతుందని ఫ్యాను కూడా ఆపేశారు. జోజి చొక్కా వీపుకి అతుక్కుపోయింది.

"పోయిన శనివారం ఇక్కడే గదా నిలబడి వాయించినాను. బాగుందని నువ్వే అన్నావు. నువ్వు చెరిపీసినావేటి, హార్వే? క్రిస్మస్‌కి నీ గిటారు శ్రుతి తప్పిందని నలుగురిలో అన్నానని కచ్చ కట్టుకున్నావేటి?"

"కసమ్‌సే, ఒట్టు, నేను కాదంకుల్. రజనీ దీదీ తీసీమంది, తీసీసాను."

రజని ఈ క్యాసెట్‌ని ఏ కంపెనీకీ ఇవ్వకుండా సొంతంగా తెస్తోంది. సినిమా పాటలా ఉండదు, భజనలా ఉండదు, ఇదొక కొత్తరకం పాట అని చెప్పి, భిలాయిలో వాయించేవాళ్లనీ పాడేవాళ్లనీ ఒక్కొక్కరినే ఇంటికి పిలిచింది. అట్ట మీద అందరి పేర్లూ వేస్తానంది. ఇన్నేళ్లుగా చర్చిలో వాయిస్తున్నా జోజి వయొలిన్ ఏనాడూ టేపుకెక్కలేదు. అతని భార్య కాంతం ఆ కబురు చర్చి మెట్ల మీదే అందరికీ చెప్పేసింది. రేపు క్యాసెట్ వచ్చాక అందులో వయొలిన్ లేకపోతే ఆవిడ మొహం ఎక్కడ పెట్టుకుంటుంది?

మొన్న పవర్ హౌస్ బజారులో కలిసినప్పుడు, వేణువు వాయించే వెంకటేశ్వరరావు అన్న మాటలు జోజికి అప్పుడు గుర్తొచ్చాయి. "నా వేణువు తీసీసింది మాస్టారూ. మీ చర్చిలో పాడే జూడీ చేత పాడించి, అదీ తీసీసింది. ఏవి ఉంచిందో చూడండి, సంగతి మీకే తెలుస్తాది."

ఏవి ఉంచింది? పెళ్లి బ్యాండువాళ్ల పెద్ద బూర. ఛత్తీస్‌గఢీ కుర్రాడి మాందర్ డోలు. హార్వే వాయించిన బేస్ గిటారు. ఎవరో ఖాళీ ఇనపపీపా మీద గుద్దిన మోత. వీటి మీద నాటకాల్లో పాడే యజ్ఞనారాయణ బండగొంతుతో పాడిన పాట కూడా ఉందిగానీ, అది ట్రాక్ అయ్యుంటుంది. సినిమావాళ్లు అలాగే చేస్తారు. ముందు ఎవరిచేతో పాడించి పెట్టుకుని, తర్వాత దాన్ని చెరిపి అసలు గొంతు ఎక్కిస్తారు. ఇక్కడ అసలు గొంతు ఎవరిది? తెలుగు సంఘం పోటీల్లో ఏటేటా కప్పు ఇంటికి తెచ్చుకునే రజనిదే.

అదన్నమాట సంగతి. సన్నగా పలికేవన్నీ పోయాయి, మోతలు మిగిలాయి. ఆ మోతల మధ్య తనొక్కతే కోకిల అనిపించుకోవాలి.

"నా వయొలిన్ నీ గొంతుకి అడ్డొచ్చిందేటమ్మా?"

"అడ్డేటంకుల్." రజని మంచినీళ్ల గ్లాసు తెచ్చి అతని చేతికిచ్చింది. "మీకోసం వేరే చోటు ఉంచాను. బొంగురుగా పలికే కింది తీగ ఒక్కదాని మీదే, మెల్లగా, పాట పొడుగునా లాగండి. అదొక్కటే మిగిలింది, బస్."

"కింది తీగా? అది కొత్తగా నేర్చుకునే పిల్లల పని."

"తెలుసంకుల్. నాకోసం."

కుండలో నీళ్లు, చల్లగా ఉన్నాయి. అంత కోపంలోనూ గొంతుకి హాయిగా అనిపించింది.

ఇంతలో రజని తండ్రి బలరాం స్టీలు ప్లాంటు మిల్లులో డ్యూటీ దిగి వచ్చాడు. "ఏం బలరాం గారూ, ఎండ దంచుతోంది" అని జోజి పలకరిస్తే, ఓ చిన్న నవ్వు నవ్వి, గోడవార కుర్చీలో కూర్చుని పేపరు తెరిచాడు. మొన్న శనివారమూ ఇంతే. జోజి సన్నగా పలికే పై తీగ మీద ప్రాణం పెట్టి వాయిస్తుంటే ఈ మనిషి పేపర్లోంచి తల ఎత్తలేదు. తండ్రీ కూతుళ్లు కూడబలుక్కునే చేస్తున్నారని జోజికి అప్పుడు తట్టింది.

లేచి వెళ్లిపోదామనుకున్నాడు. కానీ కాంతానికి ఏమని చెప్పాలి? వయొలిన్ భుజానికెత్తాడు. హార్వే చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని వేలు ఊపాడు. జోజి పళ్లబిగువున కింది తీగ మీద కమాను లాగాడు. మూసిన గదిలో తుమ్మెద చిక్కుకున్నట్టు మోత.

పేపరు కిందికి దిగింది. బలరాం అతనికేసే చూస్తున్నాడు. పాదం నేల మీద మెల్లగా కదులుతోంది. కమాను ఆగేసరికి, "బాగుందండీ, చాలా బాగుంది" అన్నాడు, గదంతా దద్దరిల్లేలా.

వెక్కిరింపేనని జోజి ఖాయం చేసుకున్నాడు.

"హో గయా దీదీ." హార్వే మిషను ఆపి, లేచి ఫ్యాను వేశాడు. "క్యాసెట్ పూర్తయిపోయింది. రేపు రాయ్‌పూర్‌లో కాపీలకి ఇచ్చీడమే."

"పూర్తవడమేటి?" జోజి కమాను రజని వైపు చాపాడు. "ఆ యజ్ఞనారాయణ ట్రాక్ చెరిపి నీ గొంతు ఎక్కించొద్దూ? నా ఎదర పాడ్డానికి మొహమాటమేటి? పాడమ్మా, వింటాను. ఇందరివి తీసీసి నువ్వు ఉంచుకున్న గొంతు ఎంత గొప్పదో."

తండ్రి మూరెడు దూరంలో ఉన్నా రజని గొంతు తగ్గించలేదు.

"నాన్నకి వినబడనివన్నీ తీసీసానంకుల్. మొట్టమొదట తీసింది నా గొంతునే."