కట్ చేయని కాల్

పొద్దున పది దాటాక మొదలైన వీడియో కాల్ మధ్యాహ్నం రెండవుతున్నా ఆగలేదు.

ఆవిడ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ముప్పై రెండేళ్లు పనిచేసి రిటైరైంది. వీధి వీధంతా ఆపరేటరమ్మ అంటారు. ప్రతి శనివారం లైబ్రరీలో తన ఈడు వాళ్లను కూర్చోబెట్టి ఫోన్ పాఠాలు చెబుతుంది. తెలియని లింకులు నొక్కొద్దంటుంది. ఓటీపీ కన్నబిడ్డ అడిగినా చెప్పొద్దంటుంది. వీడియో కాల్‌లో పోలీసులు ఎవరినీ అరెస్టు చేయరు, అలా ఎవడైనా అంటే మర్యాదకు కూడా ఆగకుండా కట్ చేసేయండి అంటుంది.

ఆ పొద్దున ఫోనెత్తితే తెర మీద యూనిఫాంలో ఒక మనిషి. చేతిలో కాగితం ఉన్నా అందులోకి చూడకుండానే ఆమె పేరు ఇంటిపేరుతో సహా చెప్పాడు. వేలు కట్ చేసే ఎర్ర గుర్తు దాకా వెళ్లింది. అక్కడే ఆగిపోయింది.

ఆమె పేరున వచ్చిన పార్సెల్‌లో మత్తుమందు దొరికిందని అతను చదివాడు. విచారణ అయ్యేదాకా కెమెరా ముందు నుంచి కదలకూడదన్నాడు. ఇయర్‌ఫోన్లు పెట్టుకోమన్నాడు. కిటికీ తెరలు వేయమన్నాడు. ఎవరికి చెప్పినా చేతికి సంకెళ్లే అన్నాడు. ఆమె అన్నిటికీ తలూపింది.

"ఇంట్లో ఎవరెవరు ఉంటారు?"

"నేనూ, మా అమ్మాయీ, మనవరాలూ ఉంటాం బాబూ. మనవరాలికి పదకొండో నెల. మొన్నటి నుంచి గోడ పట్టుకోకుండా నాలుగడుగులు వేస్తోంది. కింద రెండు పళ్లొచ్చాయి. మా అమ్మాయి పిల్లను క్రెష్‌లో దించి, మళ్లీ ఆస్పత్రి ల్యాబ్‌లో ఉద్యోగానికి వెళ్తోంది. ధైర్యంగానే ఉంది."

భయంతో నోటికొచ్చిందల్లా వాగే ముసలావిడలా మాట్లాడుకుంటూ పోయింది. అతను కాగితంలోకి తల వంచాడు. చాలాసేపు ఎత్తలేదు. అవతల ఎక్కడో ఎవరో బల్ల మీద గట్టిగా చరిచారు. అతను ఉలిక్కిపడి నిటారుగా కూర్చున్నాడు.

"అడిగినదానికే జవాబు చెప్పండి."

పన్నెండింటికి కాళ్లు తిమ్మిరెక్కాయి. బాత్రూముకు వెళ్తానంటే ఫోన్ తలుపుకు ఎదురుగా స్టూలు మీద పెట్టి వెళ్లమన్నాడు. మూసిన గదిలో గాలి ఆడక జాకెట్టు ఒంటికి అతుక్కుపోయింది. జగ్గులో నీళ్లు అయిపోయాయి. వంటింటి దాకా వెళ్లనిచ్చేలా లేడు.

"మీరు ఏమైనా తిన్నారా బాబూ?" అంది ఉన్నట్టుండి. అతను పక్కకు చూశాడు.

ఒంటి గంటకు బెల్లు మోగింది. పక్కింటి రిటైర్డ్ పోస్ట్‌మేన్. ఆమె పాఠాలకు అందరికంటే ముందొచ్చే మనిషి. ఫోన్ చేత్తో పట్టుకునే తలుపు జానెడు తెరిచి, ఒంట్లో బాగాలేదన్నయ్యా, రేపు రండి అంది. ఒక్క మాట చెబితే వీధంతా ఇంట్లో ఉండేది. చెప్పలేదు. గడియ పెట్టుకుని మళ్లీ వచ్చి కూర్చుంది.

ఆ తర్వాత డబ్బు సంగతి వచ్చింది. తనిఖీ కోసం ప్రభుత్వ ఖాతాకు పంపాలన్నాడు. ఆమె అంకెలు తప్పు కొట్టింది. మళ్లీ చెప్పమంది. మళ్లీ తప్పు కొట్టింది. కళ్లు ఆనడం లేదు బాబూ అంది. మూడోసారి కూడా తప్పేసరికి అవతల ఏదో అరుపు వినిపించింది. తెర ఒక్కసారి ఊగింది. నిలకడకు వచ్చేసరికి అతని టోపీ పక్కకు జరిగి ఉంది.

"తొందరగా పంపండి," అన్నాడు.

ఆమెకు కళ్లు వెంటనే ఆనాయి. పెన్షన్ ఖాతా వదిలేసి, కూతురితో కలిపి ఉన్న ఖాతా ఎంచుకుంది. అంకెలు ఒక్క తప్పు లేకుండా కొట్టి, అందులోంచి సగం పంపింది.

రెండు నిమిషాల్లో ఆస్పత్రిలో కూతురి ఫోన్ టింగుమంది. బ్యాంకు మెసేజ్ చూసి ఆ పిల్లకు పై ప్రాణాలు పైనే పోయాయి. ఉద్యోగానికని విదేశం వెళ్లిన భర్త జాడ తెలియకుండా పోయాక ఆమెకు మిగిలిన ఆసరా ఆ డబ్బే. తల్లికి ఫోన్ చేస్తే బిజీ. చేతిలో ఉన్న రక్తం సీసాలు పక్కమ్మాయికి అప్పజెప్పి పరుగెత్తింది.

తన దగ్గరున్న తాళంచెవితో చప్పుడు కాకుండా తలుపు తీసింది. పడకగదిలో తల్లి బల్ల ముందు కూర్చుని ఉంది. చెవుల్లో ఇయర్‌ఫోన్లు. ఖాళీ జగ్గుకు ఆనించిన ఫోన్ వీపు తప్ప కూతురికి ఇంకేమీ కనిపించలేదు. అయినా అర్థమైపోయింది. శకునం చెప్పే బల్లే కుడితిలో పడింది.

కెమెరా కంటపడకుండా వంగి బల్ల పక్కకు చేరింది. మోసమమ్మా, కట్ చెయ్ అని చేత్తో సైగ చేసింది. తల్లి ఓరకంట చూసింది. ముఖం మాత్రం తిప్పలేదు. ఇంక ఈవిడతో కాదనుకుని కూతురు గోడ మూల మినుకుమంటున్న వైఫై డబ్బా స్విచ్చు కోసం చెయ్యి చాపింది.

బల్ల కింద నుంచి తల్లి ఎడమ చెయ్యి ఆ మణికట్టును ఒడిసి పట్టుకుంది. గాజు చిట్లి గుచ్చుకున్నా వదల్లేదు.

"ఏం చేస్తున్నారు?" అన్నాడు తెర మీది మనిషి.

"పెన్ను పడిపోయింది బాబూ. రెండో ఖాతా నంబరు చెప్పండి, రాసుకుంటాను. మెల్లగా చెప్పండి."

అతను ఒక్కో అంకె చదువుతున్నాడు. ఆమె తలూపుతూ కుడి చేత్తో రాస్తోంది. రాయడం అయ్యాక, చూపు తెర మీద నుంచి తిప్పకుండానే కాగితాన్ని బల్ల అంచుకు నెట్టింది. కూతురు అందుకుని చూసింది. అందులో ఒక్క అంకె కూడా లేదు.

"ఆపకు తల్లీ, బతికే ఉన్నాడు, ఈ పోలీసు వేషంలో ఉన్నది మీ ఆయనే."