తేమదీపం

ఆదిలాబాద్‌లో పొడి చలి దిగిందంటే దగ్గుజబ్బు గాలిలో ఊరేగినట్టే. అందుకే ప్రతి గుమ్మం మీదా ఇంటి గాలిలో తేమ ఎంతుందో చూపే ఒక తేమదీపం ఉంటుంది. అది పచ్చగా వెలిగితేనే చుట్టం గడప తొక్కుతాడు, ఎర్రబడితే తోడబుట్టినవాడైనా రాడు. పోశెట్టి ప్రాణం పోయేసరికి దీపం ఎర్రగా ఉంది. పాడె మోయడానికి ఎవరూ రాలేదు. మునిసిపాలిటీ బండే తీసుకుపోయింది.

ఈ రోజు దినాలు. అతని భార్య భూమవ్వ పొద్దుటి నుంచి పొయ్యిలన్నిటి మీదా నీళ్లు మరిగించి, ఇంటిని ఆవిరితో నింపి, దీపాన్ని పచ్చగా చేసింది. చుట్టాలంతా వచ్చారు. పిట్టకు పెట్టిన ముద్ద గోడ మీద అలాగే ఉండగా, ఆకలికి ఆగలేక బంతిలో కూర్చున్నారు.

మరిది లస్మన్న బొక్క చీకుతూ అన్నాడు. "ఆ రోజు గూడ గిట్లనే ఆవిరి పెడితే అన్నను మేమే మోస్తుంటిమి గద వదినా."

"పెట్టిన," అంది భూమవ్వ. "దీపం పచ్చగైందని చెప్దామంటే నువ్వు ఫోనెత్తలే."

ఆ మాటంటూనే పొయ్యిలార్పి, కిటికీలన్నీ బార్లా తెరిచింది. పొడిగాలి లోపలికి కొట్టింది, దీపం ఎర్రబడింది. విస్తరి ముందు నుంచి సగంలో లేవకూడదన్న సంగతి ఒక్కరికీ గుర్తు రాలేదు. ఎంగిలి చేతులతోనే బయటికి ఉరికారు.

భూమవ్వ గుమ్మంలో కూలబడింది. అప్పుడొచ్చి వాలింది కాకి. దీపం వంక చూడనైనా చూడకుండా ముద్ద ముట్టింది.